రెండోసారి అడగని యంత్రం

పదకొండో మెట్టు దినచర్య
నిర్వహణ: మైలపల్లి నీలవేణి, కార్యదర్శి

నమోదు 1. రోహిణి కార్తె, మూడో పాదం

ఉదయం చావడి కప్పు మీది సూర్యఫలకాలను పొడిగుడ్డతో తుడవడమైనది. తడిగుడ్డ వాడకం నిరుటి తీర్మానం ప్రకారం నేరం. కీబోర్డు సందుల్లో పేరుకున్న ఉప్పును కోడి ఈకతో తీయడమైనది. సముద్రం, కొండవాలున మెట్లుమెట్లుగా ఉన్న మన ఊళ్ళలో నాలుగో మెట్టుదాకా ముంచి అక్కడితో తృప్తిపడినట్టు కనిపించినా, దాని ఉప్పు మాత్రం గాలిని పట్టుకుని కొండెక్కడం మానలేదు. కంప్యూటరు ముందు దీపం వెలిగించరాదని మెట్టువారికి మరొకసారి విజ్ఞప్తి చేశాను. పువ్వుల విషయం చూసీచూడనట్టు వదిలేశాను.

నమోదు చేయదగిన సంఘటన ఒకటి జరిగింది. మన మెట్టుకు రావలసిన నీటి వంతు పోయింది.

వానలు నేలకు దిగడం మానేశాక, మనవాళ్ళు ఒకప్పుడు సముద్రంలో వేసిన వలలనే ఇప్పుడు శిఖరం మీద మబ్బులకు వేస్తున్నారు. వలలకు పట్టిన చెమ్మ పైతొట్టిలోకి కారుతుంది. తొట్టి ఎప్పుడు నిండుతుందో మబ్బుకే తెలియదు. ఈ ఏటి కొత్త పద్ధతి ప్రకారం, నిండిన క్షణాన జలమండలి అందరూ కబుర్లాడుకునే ‘ఊసులు’ సైటులో ఒక పోస్టు పెడుతుంది: “నీరు సిద్ధం. ఏ మెట్టు?” ముందుగా పలికినవారిది ఆ తొట్టి. దీనికి ప్రజాస్వామ్య జలవితరణ అని పేరు. నేను చదివి పట్టా పొందింది ఇలాంటి పేర్లు పెట్టడంలోనే కనుక, దాన్ని విమర్శించే అర్హత నాకు లేదు.

నేను ఆ పోస్టును చూసేసరికి దాని కింద పన్నెండో మెట్టువారి “మాకు” అన్న జవాబు చల్లారిపోయి ఉంది.

మధ్యాహ్నం గరికిన తవిటమ్మ వదిన చావడికి వచ్చింది. చేతులకు ఇంకా నారుమడి మట్టి ఉంది. మెట్టు మొత్తానికీ చోడినారు, అంటే రాగినారు, పోసేది ఆమె ఒక్కతే. ఉన్న విత్తనమంతా మొన్ననే చల్లేసింది.

“ఏటి సెక్రట్రీ, నీరు పన్నెండోళ్ళకి పోయిందట?”

“పోయింది వదినా.”

“మరి మనకెప్పుడు?”

“మళ్ళీ తొట్టి నిండినప్పుడు. అయితే ఒక నిబంధన ఉంది.” నిబంధన చదివి వినిపించాను: వరుసగా మూడు పిలుపులకు పలకని మెట్టును నీరు అక్కర్లేని మెట్టుగా గౌరవించి, దాని గొట్టానికి మరుసటి ఏడాది వరకు బిరడా బిగించబడును.

ఆమె చేతుల మట్టి దులుపుకుంది.

“బిరడా ఏస్తే నా నారు పోద్ది. నారు పోతే ఇత్తనం పోద్ది. ఇత్తనం పోతే ఈ మెట్టు మీద ఏటి తింటారు, నీ నిబందనలా?”

ప్రశ్న సమంజసమైనదని గుర్తించడమైనది.

నమోదు 2. రోహిణి కార్తె, చివరి పాదం

ఇతర మెట్లలో జలమండలి పోస్టు పెట్టిన వెంటనే కంప్యూటరు తెర మూలన ఒక చిన్న చీటీ లేచి, టింగుమని మోగుతుందని విచారణలో తెలిసింది. మన యంత్రం ఏడాదిగా ఒక్కసారి కూడా మోగలేదు. కారణం తెలుసుకోవడానికి, యంత్రాన్ని ప్రారంభించిన పెద్ద గరికిన పోలయ్యగారి వాంగ్మూలం తీసుకోవడం అవసరమైంది. ఆయన తవిటమ్మ వదినకు మామగారు. నాకు వరుసకు పెదనాన్న.

“ప్రారంభం రోజున తెర మీద ఏదైనా ప్రశ్న వచ్చిందా పెదనాన్నా?”

“వొచ్చింది. ఊసులోళ్ళు నోటిఫికేసన్లు పంపుతారట, పంపమంటారా, ఒద్దా, అనడిగింది. అందరూ సూస్తన్నారు. ఒద్దు అన్న మీట నొక్కినాను.”

“ఎందుకు?”

ఆయన నన్ను జాలిగా చూశారు.

“మొదటిపాలి అడగ్గానే ఊఁ అనీస్తామేటమ్మా? మనమేటి, కరువులో పుట్టినామా?”

“ఆ తరువాత?”

“తరవాతేటి! మళ్ళీ అడుగుద్ది కదాని సూస్తన్నాను. ఏడాది అయిపోనాది. మళ్ళీ అడగనేదు. మర్యాద నేర్పకుండానే పంపీసినారు దాన్ని.”

ఇక్కడ మన మెట్టు ఆచారాన్ని నమోదు చేయడం అవసరం. మన ఇళ్ళలో ఎవరైనా అన్నం పెడతామంటే మొదటిసారి “ఒద్దండి, ఇప్పుడే తిన్నాను” అనాలి. రెండోసారి “అయ్యో, కడుపులో చోటు లేదు” అనాలి. మూడోసారి అడిగితే “మీరింత ఇదిగా అడుగుతున్నారు కాబట్టి” అని పీట మీద కూర్చోవాలి. మూడోసారి అడగడం మరిచిన ఇళ్ళనుంచి ఆకలితో తిరిగి వచ్చిన మహనీయుల పేర్లు మన మెట్టులో నేటికీ గౌరవంగా చెప్పుకుంటారు. పన్నెండో మెట్టువారికి ఈ ఆచారం లేదు. వాళ్ళు మొదటిసారికే తింటారు. మనం వాళ్ళ గురించి చెప్పుకునేవాటిలో ఇదే మర్యాదైనది.

బ్రౌజర్ అన్నది ఏ ప్రాంతంలో తయారైందో గాని, అది ఒక్కసారే అడుగుతుంది. వద్దంటే నిజంగానే వద్దనుకుంటుంది.

నమోదు 3. మృగశిర కార్తె, మొదటి పాదం

సైటు చిరునామా పక్కన ఉన్న చిన్న గుర్తును నొక్కితే అనుమతుల పట్టిక తెరుచుకుంటుందని కనుగొన్నాను. అందులో ‘నోటిఫికేషన్లు’ అన్న వరుసకు ఎదురుగా ‘నిరోధించబడినవి’ అని ఉంది. దాన్ని మార్చడానికి ఒక వేలు, ఒక మీట చాలు.

యంత్రం సమష్టి ఆస్తి కావడంవల్ల దాని సెట్టింగ్సును మార్చడానికి సభ తీర్మానం కావాలి. సాయంత్రం చావడిలో సభ జరిగింది. హాజరు సంతృప్తికరం.

విషయం వివరించాను. “తీర్మానమైతే ఇప్పుడే మార్చేస్తాను” అన్నాను.

పోలయ్య పెదనాన్న చేతికర్ర పట్టుకుని లేచారు. “నాకర్దం కాక అడుగుతాను. ఒద్దన్నది మనం. అవునా?”

“అవును.”

“ఒద్దన్నాక ఆళ్ళు మళ్ళీ అడిగినారా?”

“లేదు.”

“అడక్కుండానే మనమే ఎల్లి, బాబూ, ఆవేళ ఒద్దన్నాంగానీ కడుపు కాలతంది, పంపండి అనాలా? రేపు పన్నెండోళ్ళ ముందర తలెత్తుకుని తిరగ్గలమా?”

సభలో మెచ్చుకోలు కనిపించింది. వెనకనుంచి తవిటమ్మ వదిన గొంతు వినిపించింది.

“మావా, నారుమడికి పన్నెండోళ్ళ ముందర తలెత్తుకునే పని లేదు. దానికి తాగడానికి కావాల.”

“నువ్వుండే. ఇది పరువు మాట.”

“నాను మాటాడేదీ పరువు గురించే. నారెండిపోతే నా పరువే కదేటి పోయేది?”

చివరకు రెండు తీర్మానాలు ఆమోదం పొందాయి. మొదటిది: దయచేసి మరొకసారి అడగవలసిందిగా ఊసులు సంస్థను కోరుతూ కార్యదర్శి లేఖ రాయాలి. రెండవది: జవాబు వచ్చేదాకా పగలంతా ఒక మనిషి తెర ముందు కూర్చుని జలమండలి పేజీని చూస్తూ ఉండాలి.

నేను రెండింటికీ వ్యతిరేకంగా ఓటు వేసి, రెండింటినీ అమలు చేయడం మొదలుపెట్టాను. కార్యదర్శి పదవి స్వభావం అది.

నమోదు 4. మృగశిర కార్తె, రెండో పాదం

ఊసులు సహాయ విభాగానికి రాసిన లేఖ సారాంశం: “తమరు నోటిఫికేషన్ల విషయమై దయతో మమ్మల్ని అడిగినప్పుడు మా ఆచారం ప్రకారం వద్దని మనవి చేసుకున్నాము. అది నిరాకరణ కాదు. తమరు మళ్ళీ అడిగినచో మరొకసారి వద్దని, ఆపై అడిగినచో సంతోషంగా అంగీకరించగలము.”

లేఖ పంపిన మరునిమిషమే జవాబు వచ్చింది: “ప్రియమైన పదకొండో మెట్టు గారూ! మీరు నోటిఫికేషన్లు వద్దన్నారు. మీ నిర్ణయాన్ని మేము హృదయపూర్వకంగా గౌరవిస్తున్నాము. ఈ జవాబు మీకు ఉపయోగపడిందా?”

‘లేదు’ అన్న మీట నొక్కాను. “మీ అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాము” అని వచ్చింది.

పోలయ్య పెదనాన్నకు చదివి వినిపించాను. ఆయన ముఖం విప్పారింది.

“సూసినావా? గౌరవిస్తన్నారట. మర్యాదస్తులే ఆళ్ళు. నాను ఊరికే అనుకున్నాను.”

“గౌరవంతో నారు తడవదు పెదనాన్నా.”

“తొందరపడకు. మర్యాదస్తులు మళ్ళీ అడుగుతారు.”

వదిన మడిని చూసి వచ్చాను. మొలక వచ్చింది. పచ్చటి దారాల్లా ఉంది. వంటింటి కుండలోంచి ముంతతో నీళ్ళు తెచ్చి, వేళ్ళ సందుల్లోంచి జల్లుతోంది. “పొద్దున కూడొండనేదు. ఈటికి పోసీసినాను” అంది, ఎవరినో తిట్టినట్టు.

నేను నా వంతు తాగునీటి ముంతను ఆమె గట్టు మీద పెట్టాను.

“ఒద్దులే నీలవేణీ. నీకుండనీ” అంది.

రెండోసారి అడగలేదు. మడిలో పోసేసి వచ్చాను.

నమోదు 5. మృగశిర కార్తె, మూడో పాదం

రెండో పిలుపు కూడా పోయింది.

ఈ రోజు కాపలా వాసుపల్లి దానయ్యది. ఇతడు చూపు తీక్షణమైనవాడు. ఒకప్పుడు పడవ మీదనుంచి చేపల గుంపును నీటి రంగును బట్టి చెప్పేవాడు. విచారణ చావడి అరుగు మీద, ప్రజల సమక్షంలో జరిగింది.

“తెర ముందునుంచి లేచావా దానయ్యా?”

“లేదు సెక్రట్రీగారూ! ఒట్టు. కన్ను కూడా ఆర్పనేదు.”

“మరి నీటి పోస్టు ఎందుకు చూడలేదు?”

“అంటే... ఏడో మెట్టులో పెళ్ళయ్యింది కదండి. ఆ ఫొటో వొచ్చింది. దాని కింద ఎవుడో రాసినాడు, ఎనకటి పెళ్ళిళ్ళలో చింతపండేసి నెత్తళ్ళ పులుసు పెట్టీవోరని. నానన్నాను, నెత్తళ్ళకి చింతపండు కాదు, మామిడికాయ ఏస్తారు అని. ఆడన్నాడు, నువ్వు ముసలోడివి, నీకేటి గురుతుంటాది అని. మరి నాను ఊరుకోగలనేటండి?”

“ఎంతసేపు ఊరుకోలేదు?”

“ఆడు తప్పొప్పుకునే దాకా.”

“ఒప్పుకున్నాడా?”

“లేదండి. ఇంకా నడస్తంది.”

తవిటమ్మ వదిన అరుగు ఎక్కింది. అందరూ ఆమె కొడుతుందనుకున్నారు. దానయ్య కూడా అనుకున్నాడు, కొంచెం వెనక్కి జరిగాడు.

“నెత్తళ్ళు సముద్రంలో అయిపోయి పదేళ్ళయింది దానయ్యా. లేని సేపకి పులుసు పెట్టినావు. ఉన్న నారుకి నీళ్ళు పోగొట్టినావు” అని చెప్పి దిగిపోయింది.

దెబ్బలే నయమని దానయ్య తరువాత నాతో అన్నాడు.

నేను గమనించిన సూత్రం ఇది: ఊసులులో నీటి కబురు చూడడానికి ఊసులును చూస్తూ కూర్చోవాలి. ఊసులును చూస్తూ కూర్చున్నవాడు నీటి కబురు చూడలేడు. మనిషి మారితే ఫలితం మారుతుందేమోనని నేను కూడా కాసేపు కూర్చుని చూశాను. నెత్తళ్ళ విషయంలో దానయ్య చెప్పిందే సరైనది.

పై వలల దగ్గర పనిచేసే పోలయ్య పెదనాన్న కొడుకు, అంటే వదిన భర్త, తొట్టి నిండడాన్ని అందరికంటే ముందు చూస్తాడు. అతడు కిందికి ఒక కేక వేస్తే చాలు గదా అని సభ్యులు సూచించారు. వలల పనివారు నీటి విషయం నోరెత్తి చెప్పరాదని సమాచార సమానత్వ చట్టం. అతడు ఇవాళ శిఖరం మీదనుంచి రెండు చేతులూ ఊపాడు. భార్యకు క్షేమం తెలుపుతున్నాడనుకుని అందరం తిరిగి చేతులు ఊపాము.

ఇక ఒక్క పిలుపే మిగిలింది. ఈ యంత్రం మోగి తీరాలి. దీన్ని నేను వ్యక్తిగత తీర్మానంగా నమోదు చేస్తున్నాను. దీనికి సభ ఆమోదం అవసరం లేదు.

నమోదు 6. మృగశిర కార్తె, నాలుగో పాదం

అనుమతుల పట్టికను ఉదయంనుంచి అక్షరం అక్షరం చదివాను. నోటిఫికేషన్ల వరుసలో రెండు కాదు, మూడు మార్గాలున్నాయి. ‘అనుమతించు’. ‘నిరోధించు’. వాటి మధ్య, ఎవరూ పట్టించుకోని ‘అడుగు’.

సభను తక్షణం పిలిపించాను.

“పెదనాన్నా, నేను దీన్ని ‘అనుమతించు’కు మార్చను. ‘అడుగు’కు మారుస్తాను. అంటే మనం పంపమన్నట్టు కాదు. గుమ్మం ముందు నిలబడ్డవాణ్ణి మళ్ళీ అడగనిస్తున్నట్టు. అంతే.”

ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నారు.

“అంటే... తలుపు తియ్యడం కాదు.”

“కాదు.”

“తలుపు తడితే ఇనిపించేలాగ కూకోవడం.”

“అంతే.”

“దాన్లో తప్పేటి లేదు” అని ప్రకటించారు. సభ ఊపిరి పీల్చుకుంది. మార్చాను. పేజీని మళ్ళీ తెరిచాను. చిన్న కిటికీ నెమ్మదిగా దిగివచ్చింది: ‘ఊసులు మీకు నోటిఫికేషన్లు పంపాలనుకుంటోంది.’

చావడిలో చప్పట్లు మోగాయి. ఎవరో ఈల కూడా వేశారు. పోలయ్య పెదనాన్న కళ్ళు తుడుచుకున్నారు. “అడిగింది. సూసినారా, మళ్ళీ అడిగింది” అంటూ కుర్చీ దగ్గరకు వచ్చి, గొంతు సవరించుకుని, వేలు చాచారు. వేలు ‘వద్దు’ వైపు వెళ్తోంది.

“పెదనాన్నా! ఆగండి! ఎటు?”

“ఇది రెండోపాలే కదమ్మా. మూడోపాలి కదా ఊఁ అనాల?”

“మళ్ళీ మళ్ళీ వద్దంటే కొన్నాళ్ళపాటు అసలు అడగదట. రాసి ఉంది.”

“అడుగుద్ది. ఇంతదూరం వొచ్చినోళ్ళు అడగరేటి?”

ఆయన చేతిని పట్టుకునే అధికారం కార్యదర్శికి లేదు. చేతిని పట్టుకున్నది తవిటమ్మ వదిన. ఈ ఇంటికి కోడలుగా వచ్చాక ఆమె మామగారి చేయి పట్టుకోవడం అదే మొదటిసారని అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు.

“మావా, మీ ఇంటికొచ్చిన్నాడు పీటేసి అన్నం తినమన్నారు. ఒద్దన్నాను. మళ్ళీ అన్నారు, ఒద్దన్నాను. మూడోపాలికి మీకెవరో కేకేస్తే ఈదిలోకి ఎల్లిపోనారు. ఆ రేతిరి నాను తినకుండా తొంగున్నాను. ఎవుళికీ సెప్పనేదు. మంచి కోడలు వొచ్చిందన్నారు మీరంతా.”

ఆమె పట్టిన చేయి వదల్లేదు.

“నాకాకలేసింది మావా ఆవేళ. ఇప్పుడు నా మడికేస్తంది. నానొద్దనను.”

ఆయన వేలు కిందికి దిగకముందే ఆమె బురద వేలు ‘అనుమతించు’ను నొక్కింది. తెర మీద మట్టి మరక పడింది. కిటికీ మూసుకుంది.

పోలయ్య పెదనాన్న చేయి విడిపించుకున్నారు. కుర్చీని గోడవైపు తిప్పుకుని, యంత్రానికి వీపు పెట్టి కూర్చున్నారు. సభ ముగిసినట్టు ఎవరూ ప్రకటించలేదు. అందరూ వెళ్ళిపోయారు.

నమోదు 7. ఆరుద్ర కార్తె, మొదటి పాదం

అనుమతి ఇచ్చినా యంత్రం మోగలేదు. అనుమతికి మూడు తలుపులున్నాయని తెలిసింది. సైటు తలుపు తెరిచాం. బ్రౌజర్ తలుపు తెరిచాం. యంత్రానికి సొంతంగా ఒక తలుపు ఉంది, దాని పేరు ‘ఆటంకపరచవద్దు’. ప్రారంభోత్సవం నాటి ఉపన్యాసాలకు అంతరాయం కలగకూడదని ఎవరో పెట్టి మరిచారు. తీశాను.

మొదటి టింగు ఉదయమే మోగింది. మెట్టంతా బిందెలతో పరుగెత్తుకు వచ్చింది. తెర మూలన చీటీ: ‘ఏడో మెట్టు సూరాడ నూకరత్నం తన ఫొటో మార్చింది.’ ఫొటో బాగుందని అందరూ ఒప్పుకుని వెనుదిరిగారు.

రెండో టింగు: ‘మీకు పన్నెండో మెట్టు తెలిసి ఉండవచ్చు.’ దీన్ని అవమానంగా భావించడమైనది.

మూడో టింగు: ‘మీరు చాలాకాలంగా ఏమీ రాయలేదు. మీ మనసులో ఏముంది?’ దానయ్య జవాబు రాయబోయాడు. ఆపడమైనది.

సాయంత్రానికి టింగుమంటే ఎవరూ తల తిప్పడం లేదు. పులి వచ్చిందని మాటిమాటికీ అరిచేవాడికి ఏ గతి పట్టిందో, మన యంత్రానికీ ఆ గతి పడుతోందని గ్రహించి, ఊసులు సెట్టింగ్సులోకి వెళ్ళి ఒక్కొక్క వరుసా ఆపుకుంటూ వచ్చాను. పుట్టినరోజులు, ఆపాను. పరిచయాలు, ఆపాను. ‘మీ మనసులో ఏముంది’, ఆపాను. జలమండలి ఒక్కదాని పక్కన గంట గుర్తు మిగిల్చాను.

యంత్రం మౌనం దాల్చింది. ఈసారి ఆ మౌనం పనికొచ్చే మౌనమని నా అభిప్రాయం.

పోలయ్య పెదనాన్న రోజంతా గోడవైపు చూస్తూ కూర్చున్నారు. అన్నం తెచ్చిన కోడలితో “ఒద్దు” అన్నారు. ఆమె కంచం పక్కన పెట్టి, మడికి వెళ్ళిపోయింది. నారు కొసలు పసుపు తిరిగాయి. ముంతల నీళ్ళు వేళ్ళదాకా దిగడం లేదు. రేపు ఎండ ఇలాగే ఉంటే నిలవదంది.

నమోదు 8. ఆరుద్ర కార్తె, రెండో పాదం

ఉదయం మెట్టంతా నారుమడి దగ్గరే ఉంది. వదిన చెప్పినట్టు తాటాకులు తెచ్చి మడి మీద నీడ కడుతున్నారు. యంత్రం దగ్గర కాపలా అవసరం లేదు. అది మోగుతుందన్న నమ్మకంతో అందరం మన పనులు మనం చేసుకోగలగడమే ఈ పోరాటం పరమార్థం. నేను చావడి కప్పు మీద ఫలకాలు తుడుస్తున్నాను. లోపల పోలయ్య పెదనాన్న ఒక్కరే, గోడకు ఎదురుగా ఉన్నారు.

టింగుమంది.

నిచ్చెన దిగడానికి నేను తీసుకున్న సమయం ఎంతో చెప్పలేను. రెండు మెట్లు విరిగాయి, మరమ్మతు పద్దులో చేర్చాలి. చావడి గుమ్మంలోకి వచ్చేసరికి కుర్చీ యంత్రంవైపు తిరిగి ఉంది. ఆయన తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వంగి, ఒక్క వేలితో అక్షరాలు వెతుకుతున్నారు. ఎంటర్ ఏదని కూడా నన్ను అడగలేదు. నొక్కేశారు.

తెర మీద జలమండలి ప్రశ్న: “నీరు సిద్ధం. ఏ మెట్టు?”

దాని కింద మన జవాబు: “మా తవిటమ్మకి”

దాని వెంటనే పన్నెండో మెట్టువారిది వచ్చి పడింది: “మాకు”.

“పెదనాన్నా! ‘మాకు’ అనాలి! లేకపోతే పదకొండు అని రాయాలి!”

“మాకని ఎలాగనీస్తానమ్మా? నా నోటితో నాకు కావాలని అడగ్గలనేటి? ఇంటి పిల్లకి కావాలని అడగడానికి మొగమాటమేటి?”

జలమండలి కొత్త వరుస వచ్చింది. నా గుండె ఆ వరుసను నాకంటే ముందు చదివింది. “ముందుగా పలికినవారికి మనవి: ‘మా తవిటమ్మకి’ అనే మెట్టు మా నమోదులో లేదు. సరిచేసుకునే వరకు తరువాతివారు వేచి ఉండగలరు. ఏ మెట్టు?”

ఆయన తెరవైపు చూశారు. నావైపు చూశారు. కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ‘వద్దు’ అన్న మీట ఎక్కడైనా ఉందా అని వెతుకుతున్నారని నాకు భయం వేసింది.

“ఒకట్లు రెండు పక్కపక్కనే కదా?” అన్నారు.

“అవును.”

ఒకటి అంకెను రెండుసార్లు నొక్కారు. “పదకొండో మెట్టు. నీరు విడుదల” అని వచ్చింది. మరుక్షణం గొట్టంలో ఏదో దగ్గినట్టు చప్పుడైంది. మడి దగ్గరనుంచి కేకలు వినబడ్డాయి.

మేము వెళ్ళేసరికి కాలువ వెంట నీరు నురుగుతో, ఎండుటాకులను ముందుకు తోసుకుంటూ వస్తోంది. ఆడవాళ్ళు తాటాకులు వదిలేసి నోటికి చేతులు అడ్డుపెట్టుకున్నారు. తవిటమ్మ వదిన మాత్రం పారతో గట్టు తెగ్గొట్టి, నీటిని మొదటి మడిలోకి, రెండో మడిలోకి మళ్ళిస్తోంది. చివరి మడి దగ్గరకు వచ్చేసరికి నీరు పలచబడి, దారమై, ఆగిపోయింది. చివరి మడిలో సగం నేల ఇంకా తెల్లగా పగిలే ఉంది.

పోలయ్య పెదనాన్న గట్టు మీద నిలబడ్డారు. అందరి ముందూ, అతిథిని అడిగినట్టు అడిగారు.

“సాలిందేటే?”

ఈ ప్రశ్నకు మన మెట్టులో ఇంతవరకు ఒకే జవాబు నమోదై ఉంది. విస్తరి ఖాళీగా ఉన్నా, చేయి అడ్డుపెట్టి “సాలు, సాలు” అంటారు. గట్టు మీది ఆడవాళ్ళ పెదవులు అప్పుడే ఆ మాటకు కదిలాయి.

వదిన పార నేలకు ఆనించి నిలబడింది. తెల్లటి నేల వైపు చూసింది.

“సాల్లేదు మావా. ఇంకా కావాల.”

ఆయన చివరి మడిలోకి వంగి, మట్టిని వేళ్ళతో నలిపి చూశారు. దుమ్ము రాలింది. చేతికర్ర ఊతగా లేచి చావడి దారి పట్టారు. నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగారు.

“రా సెక్రట్రీ. అది మళ్ళీ మోగేదాకా కూకోడమేటి, ఈపాలి మనమే అడుగుదాం. ఏ మీట నొక్కాలో సూపించు.”

జలమండలిని అడగకుండానే అడిగే మీట ఏదో నాకు కూడా తెలియదు. వెతకడానికి వెళ్తున్నందున నేటి నమోదును ఇక్కడ ఆపడమైనది.